బాల్డర్స్ గేట్ 3 - ముందస్తు విడుదల దశ

బాల్డర్స్ గేట్ 3 అనేది బెల్జియం దేశంలోని ఘెంట్ నగరం కేంద్రంగా పనిచేసే లారియన్ స్టూడియోస్ అనే సంస్థ తయారుచేసిన కంప్యూటర్ ఆట. ఇందులో ఆడేవారు మాంత్రికులు, రాక్షసులు, డ్రాగన్‌లు ఉన్న ఒక కల్పిత లోకంలో ఏదో ఒక పాత్రను ధరించి, ఆ పాత్ర ఏమి మాట్లాడాలో, ఎవరితో స్నేహం చేయాలో, ఎవరితో పోరాడాలో తామే నిర్ణయించుకుంటారు. ఈ తరహా ఆటలను రోల్ ప్లేయింగ్ గేమ్‌లు అంటారు. తెలుగులో పాత్రధారణ ఆటలు అనవచ్చును. ఈ ఆట 2020 అక్టోబరు 6న అసంపూర్ణ రూపంలో అమ్మకానికి వచ్చి, 2023 ఆగస్టు 3న సంపూర్ణ రూపంలో విడుదలయింది. ఈ రెండు తేదీల మధ్య గడచిన రెండు సంవత్సరాల పది నెలల కాలంలో ఆట నియమాలు, పాత్రలు, కథ అన్నీ ఆడేవారి కళ్ళ ముందే మారుతూ వచ్చాయి. ఆ మార్పులను గురించి ఈ వ్యాసం వివరిస్తుంది. ఆట కథ పూర్తిగా ఇక్కడ చెప్పబడలేదు.

ముందస్తు విడుదల అంటే

తయారీ పూర్తికాని ఆటను, అది పూర్తికాలేదని ముందుగానే చెప్పి, వెల పుచ్చుకొని అమ్మే పద్ధతిని ఎర్లీ యాక్సెస్ అంటారు. ఈ వ్యాసంలో దీనిని ముందస్తు విడుదల అని వ్యవహరిస్తున్నాము. వాల్వ్ అనే అమెరికా సంస్థ నడిపే స్టీమ్ అనే ఆటల అంగడిలో ఈ పేరుతో ఒక విభాగం 2013 మార్చిలో మొదలయింది. అంతకు ముందు కూడా ఈ పద్ధతి లేకపోలేదు. మైన్‌క్రాఫ్ట్ అనే ప్రసిద్ధమైన ఆట 2009 నుండి అసంపూర్ణ రూపంలోనే అమ్ముడవుతూ 2011 నవంబరులో పూర్తయింది.

కొన్నవారికి ఇందులో లాభం, నష్టం రెండూ ఉన్నాయి. అందరికంటే ముందుగా ఆడవచ్చును, తమ అభిప్రాయం తయారీదారులకు చేరవచ్చును. కానీ ఆట ఎన్నటికీ పూర్తి కాకపోవచ్చును కూడా. డబ్బు చేతికి వచ్చిన తరువాత మధ్యలో వదిలివేసిన ఆటలు ఈ విభాగంలో చాలా ఉన్నాయి. పునాది మాత్రమే లేచిన ఇంటికి ముందే సొమ్ము చెల్లించినవారి పరిస్థితి ఇది. స్టీమ్ వారు కూడా, ఆట ఇప్పుడున్న స్థితిలో నచ్చితేనే కొనండి, రేపు ఏదో అవుతుందన్న ఆశతో కొనవద్దు అన్న అర్థం వచ్చే హెచ్చరికను ఈ విభాగంలోని ఆటల వద్ద ఉంచుతారు.

నేపథ్యం

ఈ ఆటకు మూలం డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే బల్లమీది ఆట. దీనిని గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే అమెరికన్లు రూపొందించగా 1974లో ప్రచురితమయింది. నలుగురైదుగురు మిత్రులు బల్ల చుట్టూ కూర్చొని, ఒకరు కథ చెబుతూ ఉండగా మిగిలినవారు తమ తమ పాత్రల తరఫున మాట్లాడుతూ, సందేహం వచ్చినచోట ఇరవై ముఖాలు గల పాచికను వేస్తూ ఆడతారు. ఈ నియమాల మీద ఆధారపడి కెనడాకు చెందిన బయోవేర్ సంస్థ 1998లో బాల్డర్స్ గేట్ అనే కంప్యూటర్ ఆటను, 2000లో దాని రెండవ భాగాన్ని తయారుచేసింది. బాల్డర్స్ గేట్ అనేది ఆ కల్పిత లోకంలోని ఒక రేవుపట్టణం పేరు. రెండవ భాగానికి, మూడవ భాగానికి మధ్య ఇరవై సంవత్సరాలు గడిచాయి. పాత ఆటలను బాల్యంలో ఆడినవారు మధ్యవయస్కులయ్యారు. మూడవ భాగం పాతవాటికి తగినట్లు ఉండాలన్న వారి పట్టుదల ఈ దశలో జరిగిన వాదాలన్నిటి వెనుకా కనిపిస్తుంది.

లారియన్ సంస్థను స్వెన్ వింకె 1996లో స్థాపించాడు. ముందస్తు విడుదల ఈ సంస్థకు కొత్త కాదు. డివినిటీ: ఒరిజినల్ సిన్ అనే ఆటకు 2013లో కిక్‌స్టార్టర్ ద్వారా అభిమానుల నుండి సుమారు 9 లక్షల 44 వేల డాలర్ల చందా సేకరించి, 2014 జనవరిలో ముందస్తుగా అమ్మి, అదే సంవత్సరం జూన్ చివర పూర్తిచేశారు. దాని రెండవ భాగానికి 2015లో 20 లక్షల డాలర్లకు పైగా చందాలు వచ్చాయి. అది 2016 సెప్టెంబరులో ముందస్తుగా వచ్చి, సరిగ్గా ఒక సంవత్సరానికి పూర్తయింది. ఆ అనుభవంతోనే డంజన్స్ అండ్ డ్రాగన్స్ హక్కుదారులైన విజర్డ్స్ ఆఫ్ ది కోస్ట్ వారి అనుమతి పొంది, 2019 జూన్‌లో బాల్డర్స్ గేట్ 3ను ప్రకటించారు.

అమ్మకానికి ముందే జరిగిన మార్పులు

2020 ఫిబ్రవరి చివర అమెరికాలోని బోస్టన్ నగరంలో జరిగిన ఒక ప్రదర్శనలో వింకె స్వయంగా ఈ ఆటను ప్రేక్షకుల ముందు ఆడి చూపాడు. ఆట మధ్యమధ్య మొరాయించింది. అతని పాత్ర చనిపోయింది కూడా. అప్పుడు చూపిన ఆటకు, ఏడు నెలల తరువాత అమ్మిన ఆటకు రెండు ముఖ్యమైన తేడాలు ఉన్నాయి.

మొదటిది భాషకు సంబంధించినది. పాత్ర పలకవలసిన మాటలు ఆ ప్రదర్శనలో భూతకాలంలో ఉండేవి. అంటే తెర మీద "నువ్వెవరు?" అని కాక, "అతడెవరని నేను అడిగాను" అన్న ధోరణిలో ఉండేది. పాత్ర తన కథను తరువాతెప్పుడో చెప్పుకుంటున్నట్లు ఉండాలని రచయితల ఉద్దేశం. చూసినవారిలో చాలామందికి ఇది నచ్చలేదు. జరుగుతున్న సన్నివేశంలో తాము ఉన్నట్లు కాక, జరిగిపోయిన దానిని చదువుతున్నట్లు ఉన్నదని వారి అభ్యంతరం. కొద్ది నెలలలోనే ఆ పద్ధతి తీసివేసి, మామూలుగా మాట్లాడే పద్ధతిలో వ్రాశారు. వ్యాకరణంలో కాలాలను నేర్చుకునే విద్యార్థులకు ఇది మంచి ఉదాహరణ. క్రియాపదం రూపం మారితే చదివేవాడు కథకు ఎంత దగ్గరగా నిలుస్తాడో మారిపోతుంది.

రెండవది పోరాటంలో వంతుల క్రమం. మొదట ఒక పక్షంవారంతా ఒకేసారి, తరువాత ఎదుటి పక్షంవారంతా ఒకేసారి ఆడేవిధంగా ఉండేది. మూలమైన బల్లమీది ఆటలో ప్రతి పాత్రకూ వేరువేరుగా పాచిక వేసి వంతు నిర్ణయిస్తారు. అభిమానుల అభ్యంతరంతో కంప్యూటర్ ఆటలో కూడా ఆ విధంగానే మార్చారు.

2020 అక్టోబరు నాటి ఆట

ఆ సంవత్సరం ఆగస్టులో వస్తుందన్నది సెప్టెంబరు 30కి, అక్కడి నుండి అక్టోబరు 6కు వాయిదాపడి విడుదలయింది. కొన్నవారికి లభించినది మూడు అంకాల కథలో మొదటి అంకం మాత్రమే. వెల మాత్రం పూర్తి ఆట వెల, సుమారు 60 డాలర్లు. మూడవ వంతు సరుకుకు నిండు ధర ఎందుకన్న విమర్శ అప్పుడే వచ్చింది. పూర్తి ఆట వచ్చినప్పుడు మళ్ళీ చెల్లించనక్కరలేదని, లోపాలను సహించలేనివారు ఆగడం మంచిదని సంస్థ చెప్పింది. కనీసం ఒక సంవత్సరం పడుతుందని అంచనా వేశారు. దాదాపు మూడు సంవత్సరాలు పట్టింది.

కథ ఒక ఎగిరే ఓడలో మొదలవుతుంది. ఆ ఓడను నడిపే మైండ్ ఫ్లేయర్లు అనే జీవులు నాయకపాత్ర తలలోకి ఒక పురుగును ఎక్కిస్తారు. కొద్ది రోజులలో ఆ పురుగు మనిషిని కూడా మైండ్ ఫ్లేయర్‌గా మార్చివేస్తుంది. ఓడ కూలిపోగా బ్రతికి బయటపడినవారు మందు వెతుక్కుంటూ బయలుదేరతారు. తోడు నడిచేవారు ఐదుగురు: అస్టేరియన్, గేల్, లేజెల్, షాడోహార్ట్, విల్. పాత్ర వృత్తులు ఆరు: యోధుడు, మాంత్రికుడు, దొంగ, వనచరుడు, పూజారి, క్షుద్రశక్తితో ఒప్పందం చేసుకున్న వార్లాక్. పాత్ర నాలుగవ స్థాయి వరకే ఎదగగలదు. పూర్తి ఆటలో ఈ హద్దు పన్నెండు.

మొదటి వారాలలోనే ఒక వినోదకరమైన సంగతి బయటపడింది. కొమ్ములు, తోకలు, విచిత్రమైన కన్నులు ఇన్ని ఇచ్చినా ఎక్కువమంది ఎన్నుకున్న లక్షణాలన్నిటినీ కలిపి చూస్తే చాలా సామాన్యమైన మానవ ముఖం తయారయిందని సంస్థవారు ఆ బొమ్మను ప్రకటించి నవ్వుకున్నారు. దీని వెనుక ఉన్న విషయం మాత్రం ముఖ్యమైనది. ఆడేవారు నోటితో చెప్పినదే కాక, వారు ఆటలో ఏమి చేశారన్న లెక్క కూడా తయారీదారులకు చేరుతుంది. ఎక్కడ ఎక్కువమంది చనిపోతున్నారు, ఏ దారిలో ఎవరూ వెళ్ళడంలేదు అన్నది ఎవరూ ఉత్తరం వ్రాయకుండానే తెలుస్తుంది.

ప్యాచ్‌లు

ఆటలో చేసిన మార్పులను కట్టగా కట్టి పంపడాన్ని ప్యాచ్ అంటారు. చిన్నచిన్న సవరణలు తరచుగా వచ్చినా, ముందస్తు విడుదల దశలో చెప్పుకోదగినవి 2021 ఫిబ్రవరి నుండి 2022 డిసెంబరు వరకు వచ్చిన ఆరు ప్యాచ్‌లు.

నాలుగవ ప్యాచ్ 2021 ఫిబ్రవరిలో వచ్చింది. దీనితో జంతురూపం ధరించగల డ్రూయిడ్ వృత్తి చేరింది. అదే సంవత్సరం జులైలో వచ్చిన ఐదవ ప్యాచ్ కొత్త వృత్తిని ఇవ్వలేదు. కానీ సంభాషణలలో పాచిక వేసే తీరును, విశ్రాంతి పద్ధతిని మార్చింది. ఈ మొత్తం దశలో అన్నిటికంటే లోతైన ప్యాచ్ ఇదేనని ఈ వ్యాసకర్త అభిప్రాయం. అక్టోబరులో ఆరవ ప్యాచ్ ద్వారా సోర్సరర్ అనే సహజ మాంత్రికుని వృత్తి, భూగర్భంలోని గ్రిమ్‌ఫోర్జ్ అనే కొత్త ప్రదేశం వచ్చాయి. 2022 ఫిబ్రవరిలో ఏడవ ప్యాచ్‌తో బార్బేరియన్, జులైలో ఎనిమిదవ ప్యాచ్‌తో పాటగాడైన బార్డ్, మరుగుజ్జు జాతి అయిన నోమ్ వచ్చాయి. డిసెంబరులో తొమ్మిదవ ప్యాచ్‌తో ధర్మవ్రతం పట్టిన యోధుడు పాలడిన్ చేరగా, స్థాయి హద్దు ఐదుకు పెరిగింది. పన్నెండవ వృత్తి అయిన మాంక్ మాత్రం పూర్తి విడుదల వరకు కనిపించలేదు.

పెద్ద ప్యాచ్ వచ్చినప్పుడు దాచుకున్న పాత ఆట పనికిరాకపోవడం, మళ్ళీ మొదటి నుండి ఆడవలసిరావడం జరిగేది. అందువలన మొదటి అంకాన్ని అయిదారుసార్లు ఆడినవారు అనేకులు. ఇది కొన్నవారికి విసుగు కలిగించినా, తయారీదారులకు మాత్రం ఒకే భాగాన్ని పదేపదే, వేరువేరు వృత్తులతో పరీక్షించినట్లయింది.

పాచికల లెక్క

ఈ దశలో ఎక్కువ వాదం జరిగినది ఎత్తైన స్థలం విషయంలో. మొదట ఉన్న నియమం ప్రకారం, శత్రువు కంటే ఎత్తుగా నిలిచి కొట్టేవారికి అడ్వాంటేజ్ అనే సౌకర్యం లభించేది. అంటే ఇరవై ముఖాల పాచికను రెండుసార్లు వేసి, పెద్ద అంకెను తీసుకోవచ్చును. క్రింది నుండి పైకి కొట్టేవారు రెండుసార్లు వేసి చిన్న అంకెను తీసుకోవాలి. శత్రువు వెనుకకు చేరినా ఇదే సౌకర్యం లభించేది.

ఇది ఎంత పెద్ద విషయమో లెక్కవేసి చూడవచ్చును. దెబ్బ తగలడానికి పాచిక మీద 11 గాని అంతకంటే ఎక్కువ గాని పడాలనుకుందాము. ఒకసారి వేస్తే అవకాశం 20లో 10, అంటే 50 శాతం. రెండుసార్లు వేసి పెద్దది తీసుకుంటే, రెండూ తప్పిపోయే అవకాశం సగంలో సగం, అంటే 25 శాతం. కాబట్టి దెబ్బ తగిలే అవకాశం 75 శాతం. చిన్నది తీసుకోవలసివస్తే, రెండూ ఒప్పాలి కాబట్టి 25 శాతమే. ఒక మెట్టు ఎక్కినందుకు, దిగినందుకు మధ్య వ్యత్యాసం మూడు రెట్లు! మూలమైన ఆటలో ఈ సౌకర్యం కోసం మంత్రాలు, ప్రత్యేక విద్యలు అనేకం ఉన్నాయి. నిచ్చెన ఎక్కితేనే అది దొరికితే ఆ విద్యలన్నీ వ్యర్థమవుతాయి. ప్రతి పోరాటమూ ఎత్తైన చోటికి పరుగెత్తే పందెం అవుతుంది.

నియమాలు తెలిసిన అభిమానులు ఈ లెక్కనే చూపించి వాదించారు. చివరకు వెనుక నుండి కొట్టే సౌకర్యం తీసివేశారు. ఎత్తుకు పాచిక అంకెకు 2 కలపడం, పల్లానికి 2 తగ్గించడం అన్న నియమం పెట్టారు. పై ఉదాహరణలో ఇప్పుడు అవకాశాలు 60 శాతం, 40 శాతం అవుతాయి. ఎత్తు విలువ పోలేదు, దాని పెత్తనం పోయింది.

నిప్పు, ఆమ్లం విషయంలోనూ ఇటువంటిదే జరిగింది. లారియన్ వారి పూర్వపు ఆటలలో నేల మీద మంట, నూనె, విషం పరచుకోవడం ముఖ్యమైన ఆకర్షణ. ఆ అలవాటు ఇక్కడికీ వచ్చింది. చిన్న అగ్నిమంత్రం గురితప్పినా క్రింద నేల అంటుకొని శత్రువుకు హాని జరిగేది. మనస్సు లగ్నం చేసి మంత్రం నిలుపుకునే మాంత్రికులకు ప్రతి వంతులోనూ చిన్న చిన్న గాయాలు తగిలి ఏకాగ్రత చెడిపోయేది. ఇది డివినిటీ ఆటకు ముసుగు వేసినట్లున్నది తప్ప బాల్డర్స్ గేట్ కాదన్నది చాలామంది ఫిర్యాదు. చిన్న మంత్రాల నుండి ఈ గుణాన్ని తీసివేశారు. నూనె పీపాలు, పెద్ద మంత్రాల వలన నేల అంటుకోవడం మాత్రం అలాగే ఉన్నది. సంస్థ తన ముద్రను పూర్తిగా వదులుకోలేదు.

మరొక ఫిర్యాదు దురదృష్టాన్ని గురించినది. 75 శాతం అవకాశం ఉన్న దెబ్బ వరుసగా మూడుసార్లు తప్పితే ఆట మోసం చేస్తున్నదని మనిషికి అనిపిస్తుంది. నిజానికి అది 64లో ఒకసారి జరగవలసినదే. వందల దెబ్బలు ఉన్న ఆటలో అది అపూర్వమేమీ కాదు. బల్ల మీద స్వయంగా పాచిక విసిరినప్పుడు మిత్రులతో కలిసి నవ్వుకునే దురదృష్టం, యంత్రం చేతిలో పడినప్పుడు అన్యాయంగా తోస్తుంది. వరుస వైఫల్యాలను, వరుస విజయాలను కొంత సరిచేసే ఏర్పాటును నాలుగవ ప్యాచ్‌లో ఇచ్చారు. అక్కరలేనివారు దానిని నిలిపివేసుకోవచ్చును. గణితం ప్రకారం న్యాయమైన పాచికను, మనస్సుకు న్యాయంగా తోచడం కోసం వంచవలసివచ్చింది.

తొమ్మిదవ ప్యాచ్‌లో వచ్చిన ప్రతిచర్య పద్ధతి కూడా ఈ కోవకే చెందుతుంది. ఎదుటివాని వంతులో మన పాత్ర చేయగల పనులను అంతకు ముందు ఆట తనంతట తానే చేసివేసేది. ఆ తరువాత ఆగి, చేయాలా వద్దా అని ఆడేవారిని అడగసాగింది.

నిద్రపోని వీరులు

తలలో పురుగు ఉన్నది, కొద్ది రోజులలో రాక్షసునిగా మారిపోతావు అని కథ హెచ్చరిస్తుంది. దానిని నమ్మిన ఆటగాళ్ళు ఏమి చేశారు? విశ్రాంతి తీసుకోవడం మానివేశారు. రాత్రి గడిస్తే ప్రాణాపాయమని భయపడి, గాయాలతోనే ముందుకు సాగారు. కానీ సహచరులతో జరిగే ముఖ్యమైన సంభాషణలన్నీ రచయితలు రాత్రి విడిదిలోనే ఉంచారు. కథను శ్రద్ధగా విన్నవారికే కథలో సగం అందకుండా పోయింది. నిజానికి ఆటలో ఆ గడువు లేదు. ఎన్ని రాత్రులు పడుకున్నా ఏమీ కాదు. కథ చెప్పే మాట ఒకటి, నియమం చెప్పే మాట మరొకటి అయినప్పుడు వచ్చే చిక్కు ఇది. తయారుచేసినవారికి గడువు లేదని ముందే తెలుసు కనుక ఇటువంటిది వారి కంటికి ఆనదు. కొత్తవాడు ఆడినప్పుడే బయటపడుతుంది.

ఐదవ ప్యాచ్‌లో ఆహారం విషయం మారింది. అంతకు ముందు పోరాటం మధ్యలో రొట్టె, మాంసం తిని గాయాలు మాన్పుకోవచ్చును. కత్తి గొంతు మీద ఉండగా పంది తొడ తినే వీరుని చూసి నవ్వనివారు లేరు. ఇప్పుడు ఆహారం విడిది సామగ్రి అయింది. నిండు విశ్రాంతికి తగినంత సామగ్రి ఉండాలి. విడిది కూడా ఎప్పుడూ ఒకే నదీతీరంలో కాక, ఉన్నచోటును బట్టి మారసాగింది. దొరికిన ఆహారం చేతిలో పేరుకుపోతుంటే, దానిని వాడుకొని పడుకోవడం తప్పుకాదన్న భావం ఆడేవారికి కలిగింది.

పాత్రలలో మార్పులు

నియమాలను మార్చడం కంటే పాత్రలను మార్చడం ఖర్చుతో కూడిన పని. ఎందుకంటే ప్రతి మాటనూ నటులు పలికారు, వారి కదలికలను యంత్రాలతో నమోదుచేశారు. అయినా ఇందులోనూ పెద్ద మార్పులు జరిగాయి.

విల్ అనే యోధుని కథను దాదాపు తిరిగి వ్రాసి, గొంతు ఇచ్చే నటుని కూడా మార్చారు. ముందస్తు దశలో కార్లాక్ అనే స్త్రీ ఒక చిన్న పాత్ర. పూర్తి ఆటలో ఆమె స్వంత కథ గల సహచరి. గుండెకు బదులు నరకంలో చేసిన యంత్రం ఉండి, ఎవరినీ తాకలేని ఆ పాత్ర ఆటలోని అత్యంత ప్రియమైన పాత్రలలో ఒకటయింది. హాల్సిన్ అనే డ్రూయిడ్ పెద్ద కూడా మొదట కథలో రక్షించవలసిన మనిషి మాత్రమే. అతనిపై అభిమానులు చూపిన మక్కువ చూసి, అతనిని సహచరునిగా చేశారు.

తలలోని పురుగు శక్తిని వాడుకున్నవారికి కలలో ఒక ఆకర్షణీయమైన వ్యక్తి కనిపించే సన్నివేశం ముందస్తు దశలో ఉండేది. ప్రలోభం రూపు దాల్చినట్లుండే ఆ పాత్రను తీసివేసి, దాని స్థానంలో కలలో వచ్చి కాపాడే గార్డియన్ అనే పాత్రను పెట్టారు. ఇక్కడ లాభమే జరిగిందని చెప్పలేము. పాత కలలో ఉన్న భయం కొత్తదానిలో లేదని, శక్తిని వాడుకున్నందుకు చెల్లించవలసిన మూల్యం తగ్గిపోయిందని ముందుగా ఆడినవారిలో కొందరు ఇప్పటికీ అంటారు.

మన్నించని కోరికలు

ఆడేవారు అడిగినదల్లా సంస్థ చేసిందనుకోవడం పొరపాటు. పాత బాల్డర్స్ గేట్ ఆటలలో ఆరుగురు కలిసి నడిచేవారు. ఇక్కడ నలుగురే. ఆరుగురు కావాలని మొదటి రోజు నుండి అడిగినా సంస్థ ఒప్పుకోలేదు. పాత ఆటలలో పోరాటం ఆగకుండా సాగుతుంటే, ఆడేవారు అవసరమైనచోట ఆపి ఆజ్ఞలిచ్చేవారు. దానినే తిరిగి తెమ్మని పాత అభిమానులు కోరారు. వంతులవారీ పోరాటం నుండి సంస్థ కదలలేదు. పగలు, రాత్రి మారుతూ ఉండాలన్న కోరికా తీరలేదు. జాగ్రత్తగా చూస్తే ఇక్కడ ఒక క్రమం కనిపిస్తుంది. నియమాల తూకాన్ని గురించి, మాటల ధోరణిని గురించి చెప్పిన విమర్శలకు ఫలితం దక్కింది. ఆట ప్రాథమిక స్వరూపాన్ని మార్చమన్నవారికి దక్కలేదు.

ఎవరూ చూడని అంకాలు

రెండవ, మూడవ అంకాలను సంస్థ చివరివరకు దాచి ఉంచింది. కథలో ఆశ్చర్యం మిగలాలన్నది కారణం. అది సమంజసమే. కానీ దాని ఫలితం 2023 ఆగస్టులో కనిపించింది. వేలాదిమంది మూడేళ్ళు అరగదీసిన మొదటి అంకం నునుపుగా ఉన్నది. బాల్డర్స్ గేట్ పట్టణంలో జరిగే మూడవ అంకంలో మాత్రం ఆట నెమ్మదించడం, కథాసూత్రాలు తెగిపోవడం, లోపాలు ఎక్కువగా కనిపించాయి. పట్టణంలో ధనికులు నివసించే ఎగువ భాగాన్ని ఆటలో చేర్చాలనుకొని కూడా వదిలివేశారు. విద్యార్థి పలుమార్లు వల్లెవేసిన పాఠానికి, పరీక్ష ముందురోజు తిరగవేసిన పాఠానికి ఉండే తేడా ఇది. సంస్థ సామర్థ్యంలో తేడా లేదు, పరీక్షించిన కన్నులలో తేడా ఉన్నది.

అందువలన ఈ ఆటకు ముందస్తు దశ ఒక విధంగా విడుదల తరువాత కూడా కొనసాగింది. ఆగస్టు 25న వచ్చిన మొదటి ప్యాచ్‌లో వెయ్యికి పైగా సవరణలు ఉన్నాయి. కార్లాక్ కథ ముగింపు చప్పగా ఉన్నదన్న విమర్శ రాగా, ఆగస్టు చివర వచ్చిన రెండవ ప్యాచ్‌లో ఆమెకు మరొక ముగింపు చేర్చారు. అదే ప్యాచ్‌లో మూడవ అంకం వేగాన్ని మెరుగుపరచారు. కథ ముగిసిన తరువాత మిత్రులందరూ ఏమయ్యారో తెలియడంలేదన్న ఫిర్యాదుకు జవాబుగా, నవంబరు 30న వచ్చిన ఐదవ ప్యాచ్‌లో ఆరు నెలల తరువాత వారంతా కలుసుకునే సన్నివేశాన్ని ఇచ్చారు. ముందస్తు దశలో మొదటి అంకానికి జరిగిన సేవ, విడుదల తరువాత చివరి అంకానికి జరిగింది. తేడా ఏమిటంటే, మొదటి వారాలలోనే ఆటను ముగించినవారు ఆ లోపాలతోనే ముగించారు.

విడుదల, ఆదరణ

2023 ఆగస్టు 31న రావలసిన కంప్యూటర్ రూపాన్ని ముందుకు జరిపి ఆగస్టు 3న విడుదల చేశారు. ప్లేస్టేషన్ 5 రూపం సెప్టెంబరు 6న, ఎక్స్‌బాక్స్ రూపం డిసెంబరులో వచ్చాయి. ముందస్తు దశలో గూగుల్ వారి స్టేడియా సేవలో కూడా ఆట లభించేది. ఆ సేవ 2023 జనవరిలో మూతపడడంతో పూర్తి ఆట అక్కడ రాలేదు. ముందస్తు దశలో దాచుకున్న ఆటలు పూర్తి ఆటలో పనిచేయవని, పాతదానిని తొలగించి కొత్తగా మొదలుపెట్టవలసినదని సంస్థ సూచించింది.

పూర్తి విడుదల నాటికే సుమారు 25 లక్షల ప్రతులు అమ్ముడైనట్లు సంస్థ వెల్లడించింది. అంటే అంతమంది అసంపూర్ణమైన ఆటకు వెల చెల్లించారు. విడుదలైన కొద్దిరోజులకు స్టీమ్‌లో ఒకే సమయంలో ఆడినవారి సంఖ్య 8 లక్షల 75 వేలు దాటింది. 2023 డిసెంబరులో ది గేమ్ అవార్డ్స్‌లో సంవత్సరపు ఉత్తమ క్రీడగా ఎన్నికయింది. అస్టేరియన్ పాత్రకు గొంతు ఇచ్చిన నీల్ న్యూబన్‌కు ఉత్తమ నటన పురస్కారం లభించింది. 2024లో బ్రిటన్‌కు చెందిన బాఫ్టా వారి ఉత్తమ క్రీడా పురస్కారం, కాల్పనిక సాహిత్యానికి ఇచ్చే హ్యూగో పురస్కారాలలో క్రీడల విభాగపు బహుమతి కూడా దక్కాయి. ఈ ఆట పలు ఐరోపా, ఆసియా భాషలలో లభిస్తున్నది గాని భారతీయ భాషలేవీ అందులో లేవు.

ఈ ఆటకు అనుబంధ భాగాలు గాని నాలుగవ భాగం గాని తాము చేయబోమని 2024 మార్చిలో వింకె ప్రకటించాడు. ఆ సంవత్సరం సెప్టెంబరులో వచ్చిన ఏడవ ప్యాచ్‌తో ఆటను అభిమానులే మార్చుకునే పనిముట్లను ఇచ్చారు. 2025 ఏప్రిల్ 15న వచ్చిన ఎనిమిదవ ప్యాచ్, చివరి పెద్ద ప్యాచ్‌గా ప్రకటింపబడింది. దానితో పన్నెండు వృత్తులలో ఒక్కొక్కదానికి ఒక్కొక్క కొత్త శాఖ చేరింది.